ఎర్రగుర్రానికి చెవుడు లేదు

గుర్రపుస్వారీ నేర్పే ఆ బడిలో పద్దెనిమిదేళ్ళుగా లద్దె ఎత్తుతూ, జీనులు తుడుస్తూ వస్తున్న ఆవిణ్ణి అందరూ గుర్రాలక్క అనేవాళ్ళు. మాట మింగడం ఆవిడకి చేతకాదు. అందుకే ఎర్ర ఆడగుర్రాన్ని సంతకు తోలేస్తానని యజమాని అన్న రోజున ఊరుకోలేకపోయింది.

"చెప్పిన మాట వినదు. చెవిటిది," అన్నాడాయన.

"దానికి చెవుడు లేదు సార్. మీ అందరి కాళ్ళకే నోరెక్కువ."

ఆ మాట నిజమే. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగడుక్కీ దాని డొక్కలో మడమతో పొడిచేవాళ్ళు. నడిచినా పొడుపే, నడవకపోయినా పొడుపే. ఇక అది దేన్నని వింటుంది? యజమానైతే బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకుని మరీ ఎక్కేవాడు.

"నెల రోజులివ్వండి. ముల్లూ కొరడా లేకుండా నడిపిస్తాను. నడవకపోతే మీ ఇష్టం."

ఆయన నవ్వి, సరేనన్నాడు.

పొద్దున్నే శాల కడిగి, ఆ తర్వాత గుర్రమెక్కేది. పిక్కతో ఒక్కసారి మెత్తగా అడగడం. కదలకపోతే ఒకే ఒక్క గట్టి తాకుడు. కదిలిందా, కాలు పూర్తిగా వదిలేయడం. చెప్పడానికి తేలికే. మూడో రోజు కిందికి చూసుకుంటే ఏముంది, తన మడమే తనకు తెలియకుండా అడుగడుక్కీ డొక్కను తడుతోంది. ఆ జబ్బు తనకూ ఉంది. ఒళ్ళు మండిపోయింది, గుర్రం మీద కాదు, తన మీదే. పాదాలు ఆనించుకునే రికాబులు ఊడదీసి పడేసి, వారం రోజులు కాళ్ళు వేలాడేసుకుని స్వారీ చేసింది. తొడలు ఒరుసుకుపోయి ఇంట్లో కూర్చోలేక నిలబడి తింటుంటే, "నేర్చుకునేది గుర్రమా, నువ్వా?" అంది వాళ్ళమ్మ.

"ఇద్దరం," అంది.

గడువు రోజున యజమాని ముళ్ళు కట్టుకునే వచ్చాడు. ఆవిడ కళ్ళెం వదల్లేదు.

"ముళ్ళు తీస్తేనే ఎక్కనిస్తాను."

"గుర్రం ఎవరిదమ్మా?"

"మీదే. డొక్కలు మాత్రం దానివి."

ఆయన వంగి ముళ్ళు విప్పాడు. ఎక్కీ ఎక్కగానే అలవాటు కొద్దీ బలంగా పొడిచాడు. గుర్రం ఒక్క ఉదుటున దౌడు తీసింది. టోపీ ఎటో ఎగిరిపోయింది. ఒక చేత్తో జూలు పట్టుకుని, రెండో చేత్తో పగ్గాలు లాగుతూ, ఆపమని కేకలు పెట్టాడు.

"లాగకండి. కాళ్ళు వదిలేయండి. నిటారుగా కూర్చుని ఊపిరి వదలండి, చాలు."

వేరే దారి లేక ఆమె చెప్పినట్టే చేశాడు. గుర్రం నాలుగడుగుల్లో నెమ్మదించి ఆగింది. ఒక చెవి ఆయనవైపు తిప్పి, ఇంకేమిటన్నట్టు నిలబడింది.

ఆయన చెమట తుడుచుకున్నాడు. "బాగానే తయారుచేశావు. దీన్ని అమ్మనులే. రేపట్నుంచి మళ్ళీ కొత్తవాళ్ళకిద్దాం."

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. నెల రోజుల కష్టం వారంలో నీళ్ళపాలవుతుంది.

"ఇవ్వను. ముందు వాళ్ళ కాళ్ళకి ఊరుకోవడం నేర్పాలి."

"ఎవరు నేర్పుతారు?"

"నేను. లద్దె ఇంకెవరితోనైనా ఎత్తించుకోండి."

ఆయన గుర్రం చెవి వైపు చూశాడు. అది ఇంకా తనవైపే తిరిగి ఉంది. కాలు కదపడానికి భయపడ్డాడు.

"సరే. మొదటి పాఠం ఎప్పుడు?"

"ఇప్పుడే. దిగకండి."