నీళ్ళు తాకిన ఏనుగులు

రావులపాలెంలో ఒక పూటంతా మనుషుల నుదుళ్ళ మీద ఆకుపచ్చ ఏనుగులు తిరిగాయంటే మీరు నమ్మరు. తిరిగాయి. వాటిని ఊరి మీదికి వదిలింది నేనే. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ, ఆ రోజు మోటార్ల అట్టపెట్టెల వెనక నేను ఎంతసేపు నక్కి కూర్చున్నానో తలుచుకుంటే ఇప్పటికీ మోకాళ్ళు నొప్పెడతాయి.

మా మేనమామ వెంకట్రావు కొత్తగా పంపుసెట్ల కొట్టు పెడుతున్నాడు. పేరు ఐరావతం మోటార్స్. నేను అప్పటికి డిగ్రీలో ఇంగ్లీషు తప్పి, ఇంటి దగ్గర నాన్న మాటలు పడలేక మామయ్య పంచన చేరాను. ఆయన ఒకటే షరతు పెట్టాడు. కొట్టు తెరిచే రోజుకి పేరు నలుగురి నోళ్ళలో పడేట్టు చేస్తే గల్లాపెట్టె పక్క కుర్చీ నాది. లేకపోతే మర్నాడు మొదటి బస్సు నాది.

చిన్న పనేం కాదండి. సరిగ్గా రోడ్డుకి అవతల ముప్పై ఏళ్ళ నుంచి సోమరాజు గారి పంపుసెట్ల కొట్టు ఉంది. లంక గ్రామాల రైతులు కళ్ళు మూసుకుని అందులోకే వెళతారు. ఫ్లెక్సీలు ఇంకా పుట్టలేదు. గోడ మీద రాయిస్తే మర్నాటికి దాని మీద సినిమా పోస్టరు పడుతుంది.

అప్పుడు నా బుర్రలో వెలిగింది. మన రైతు చొక్కా లేకుండానైనా గడప దాటుతాడు కానీ భుజాన తువ్వాలు లేకుండా దాటడు. అరటి మార్కెట్లో గెలలు మోసే కూలీలకైతే ఆ తువ్వాలే నెత్తి మీద చుట్టకుదురు. తువ్వాలు మీద మన ముద్ర వేసి పంచితే, మనిషి ఎక్కడికి పోతే మన కొట్టు అక్కడికి పోతుంది. మామయ్య ఖర్చెంత అన్నాడు.

"చవగ్గా తేల్చేస్తాను మావయ్యా, నాకొదిలెయ్యి" అన్నాను.

నన్ను బస్సెక్కించాల్సింది ఆ మాట దగ్గరే.

రాజమండ్రిలో దేవదానం గారని స్క్రీన్ ప్రింటింగ్ చేసేవారు. శుభలేఖలు, చర్చి మహాసభల బ్యానర్లు ఆయన చేతి మీదుగానే వచ్చేవి. తొండం పైకెత్తి నీళ్ళు చిమ్ముతున్న ఏనుగు బొమ్మ, కింద కొట్టు పేరు గీసి పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీగుడ్డ మీదికి ఎక్కించారు. చట్రాన్ని తువ్వాలు మీద ఆనించి, ఓ పక్కన రంగు పోసి, రబ్బరు బద్దతో ఒక్కసారి ఇటు నుంచి అటు లాగారు. చట్రం ఎత్తారు.

ఏమీ లేని గుడ్డ మీద ఏనుగు నిలబడి ఉంది. తొండంలోంచి చిమ్మిన నీటి చుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. నేను నోరెళ్ళబెట్టాను. బ్రహ్మదేవుడు కూడా ఇలాగే రబ్బరు బద్దతో లాగి ఉంటాడు, లేకపోతే ఇన్ని జీవాలని ఒక్కోదాన్నీ కూర్చుని ఎప్పుడు గీస్తాడు అనిపించింది. ఇంకోటి, ఇంకోటి అని బతిమాలి ఆరు వేయించాను.

పంచాల్సిన మూడు వందల తువ్వాళ్ళూ ఆయన చేతే వేయిస్తే చవకెలా అవుతుంది? చట్రం అద్దెకి తీసుకుని, రంగు డబ్బా కొనుక్కుని, మిగతావి మా డాబా మీద నేనే వేసుకుంటానన్నాను. దేవదానం గారు నన్ను ఎగాదిగా చూసి, రంగులో నీళ్ళు కలపొద్దన్నారు. ఆరాక ప్రతి తువ్వాలునీ తిరగేసి, కాగిన ఇస్త్రీ పెట్టె పెట్టి వంద లెక్కపెట్టమన్నారు. అంతవరకూ దానికి నీళ్ళు చూపించొద్దన్నారు.

"రంగు ఆరడం వేరు బాబూ, పట్టడం వేరు. ఆరింది కదా అని నమ్మేసేవు" అని బస్సు దాకా వచ్చి మరీ చెప్పారు పాపం.

మూడు వందల తువ్వాళ్ళకి మా అత్తయ్య బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఒక్కటే దిక్కు. నాలుగో తువ్వాలుకే నా చెయ్యి పడిపోయింది. నుదురు తుడుచుకుంటూ పైకి చూశాను. నడినెత్తిన సూర్యుడు. రోహిణి కార్తె. ఈ ఎండకి రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు. రోళ్ళని పగలగొట్టే ఎండ గరిటెడు రంగుని గుడ్డకి పట్టించలేదా? పాఠకులు దయచేసి ఇక్కడ నవ్వకండి. మీరు ఆ డాబా మీద ఉంటే మీకూ అదే తోచేది.

"ఆయన ఇస్త్రీ చెయ్యమన్నాడు కదరా?" అంది అత్తయ్య.

"సూర్యుణ్ణి మించిన ఇస్త్రీ పెట్టె ఏదత్తయ్యా?"

అత్తయ్య ఎండకేసి చూసి, నిజమే సుమీ అని ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఆర్పేసింది. మధ్యలో రంగు తక్కువైతే పాలవాణ్ణి తలుచుకుని నీళ్ళు కూడా కలిపాను. సాయంత్రానికి తువ్వాళ్ళు అప్పడాల్లా ఎండాయి. బొటనవేలితో రుద్దాను, గోటితో గీకాను, రంగు ఊడలేదు. తడిపి చూడలేదు. నీళ్ళు చూపించొద్దన్నారు కదా, పెద్దాయన మాటల్లో ఆ ఒక్కటీ తు.చ. తప్పకుండా పాటించాను.

కొట్టు తెరిచిన పొద్దున్న జనం విరగబడ్డారు. రైతులు, మార్కెట్ కూలీలు, ఆఖరికి సోమరాజు గారు కూడా మర్యాద తప్పకుండా వచ్చి మామయ్యని ఆశీర్వదించారు. గుమ్మంలోనే తలా ఒక తువ్వాలు పంచాం; అందరి భుజాల మీదా నా ఏనుగులే. మామయ్య నాకేసి చూసి మీసం దువ్వాడు. కుర్చీ నాదే అనుకున్నాను.

పది గంటలకి ఎండ చుర్రుమంది. ఎండ చుర్రుమంటే మనవాళ్ళు ఏం చేస్తారు? తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుంటారు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నదే, డాబా మీద ఒక్క క్షణం గుర్తు రాలేదు. కొట్టు ముందు మేమే పెట్టిన నీళ్ళ గాబులో ఒక్కొక్కరే ముంచి, పిండి, తలకి చుట్టుకున్నారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కానీ, కరిగితే ఎంతో ఎవరూ చెప్పలేదు.

మొదట గాబు నీళ్ళు ఆకుపచ్చగా అయ్యాయి. తర్వాత నుదుళ్ళు, బుగ్గలు, తెల్ల చొక్కాలు. నీళ్ళు కలిపిన రంగు ముద్దలుగా కారిపోయింది కానీ, చిక్కగా వేసినవి మాత్రం అచ్చుకి అచ్చు దిగాయి. అక్షరాలు తిరగబడ్డాయి, ఏనుగు ఎటు తిరిగినా ఏనుగే. కూలీల తలల మీంచి అరటి గెలల మీదికెక్కింది. గెలలు లారీలెక్కాయి. లారీలు కదిలి గోదావరి వంతెనకేసి వెళ్ళిపోతుంటే నేను భయపడాల్సింది పోయి, చేతులు జోడించి చూస్తూ నిలబడ్డాను. నా చేత్తో వేసిన బొమ్మ పేరు తెలియని ఊళ్ళకి పోతోంది. అంత గొప్ప దృశ్యం నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు సోమరాజు గారు తడి తువ్వాలు తీశారు. నున్నటి బట్టతల. నడిమధ్యన, తొండం ఎత్తి, నీటి చుక్కలతో సహా మా ఐరావతం. ఆయనకి తెలియదు. మామయ్యకి నమస్కారం పెట్టి, రోడ్డు దాటి, హుందాగా వెళ్ళి తన కొట్టులో కూర్చున్నారు.

నేను అట్టపెట్టెల వెనక్కి చేరింది అప్పుడే. మామయ్య తిట్టలేదు, దానికే నాకు మరీ భయమేసింది. రేపు పొద్దున్న బస్సు ఎన్నింటికో కనుక్కోరా అని మాత్రం అన్నాడు.

మర్నాడు నేను సంచీ సర్దుకుని గుమ్మం దాటుతుంటే సోమరాజు గారే ఎదురొచ్చారు. తలకి పాగా. మామయ్య పరుగున వెళ్ళి క్షమించమన్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా పాగా విప్పారు. కుంకుడుకాయలతో తోమితే తల ఎర్రబడింది, ఏనుగు మాత్రం కదల్లేదు.

"వెంకట్రావు గారూ, ముప్పై ఏళ్ళ నుంచి కొట్టు నడుపుతున్నానండి" అన్నారు. "నిన్న మధ్యాన్నం నుంచి వచ్చినోడల్లా నా నెత్తికేసి చూడ్డం, ఈ ఏనుగు కొట్టు ఎక్కడండీ అని నన్నే అడగడం. అడిగినోడికి చెప్పకపోతే మర్యాద కాదు కదండీ? పదకొండు మందిని నేనే మీ కొట్టుకి పంపాను."

మామయ్య గబగబా బిల్లు పుస్తకం తిరగేశాడు. నిన్న మా కొట్టుకి వచ్చిన బేరాలు సరిగ్గా పదకొండు.

"ఇది వేసిన కుర్రోడు ఎవరండి? నాకిచ్చెయ్యండి. జీతం మీరు చెప్పిందే."

మామయ్య నా చేతిలో సంచీ లాక్కుని లోపలికి విసిరాడు. "వీణ్ణి ఇవ్వనండి. ఆ కుర్చీ వీడిదే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "మళ్ళీ రంగు డబ్బా ముట్టుకున్నావో, రాజు గారి తల నున్నగా అయ్యేదాకా నీచేతే తోమిస్తాను" అన్నాడు.

సోమరాజు గారు పాగా చుట్టుకోకుండా ఆగి, ఇప్పుడే తోముతానేమోనని నాకేసి ఆశగా చూశారు.

అందుకని ఆ ఇద్దరు పెద్దల ఎదుట, ఇక ఈ జన్మలో ఏ గుడ్డ మీదా ఏ జంతువునీ దించనని కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఎత్తిన చెయ్యి మణికట్టు దాకా ఆకుపచ్చగానే ఉంది.