ఒకే నంబరు, రెండు బోర్లు

రెండు వేల దశకం చివర్లో నేను కడపలో ఒక కాలేజీ ప్రాజెక్టులో పనిచేసేదాన్ని. రాజంపేట చుట్టుపక్కల బోర్ల గురించి అప్పటికి రెండు జాబితాలు ఉండేవి. ఏ బోరు ఎక్కడుంది, ఎంత లోతు, నీళ్లు ఎవరికి పోతున్నాయి అన్నది ఒక ఆఫీసు రాసుకునేది. ఏ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ల్యాబు వాళ్లు రాసుకునేవాళ్లు. ఒకరి జాబితా ఇంకొకరు చూసిన పాపాన పోలేదు. ఆ రెంటినీ సెమాంటిక్ వెబ్ పద్ధతిలో కలపడం నా పని. అంటే ప్రతి బోరుకూ వెబ్‌లో ఒక చిరునామా ఇవ్వాలి. రెండు చోట్లా ఉన్నది ఒకే బోరైతే ‘ఇదీ అదీ ఒకటే’ అని లంకె వేయాలి. అప్పుడు ఇక్కడి లోతూ అక్కడి ఫ్లోరైడూ ఒకచోట చేరతాయి.

ఊరి పేర్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. కరెంటు సర్వీసు నంబరు మాత్రం రెండింట్లోనూ ఉంది. నంబరు కలిస్తే బోరు ఒకటే అని రూలు రాసి పారేశాను. “ఒకసారి ఊళ్లు తిరిగి చూడమ్మా” అన్నారు మా సార్. ఆ ఎండల్లో తిరగడం నావల్ల కాదనుకున్నాను. అప్పట్లో నాకు పొగరు కాస్త ఎక్కువ. ఇప్పుడూ తక్కువేం కాదు.

కొన్నాళ్లకు ఒక పెద్దాయన నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చాడు. రైతు. తన బోరు నుంచి పైపు వేసి ఊరి బడికి తాగునీళ్లు ఇస్తున్నాడు. నా జాబితా చూసి, ఫ్లోరైడ్ ఎక్కువని, ఆఫీసు వాళ్లు బడి కుళాయికి తాగకూడదన్న గుర్తుగా ఎర్ర రంగు పూసి పోయారట. మూడు వారాలయింది.

“ఏం పాపా, నా నీళ్లు చెడ్డవని రాసింది నువ్వేనంట. ఎప్పుడొచ్చి పట్టినావు?”

“నేను రాలేదు పెదనాయనా. ల్యాబు పరీక్షలో ఉంది. మీ సర్వీసు నంబరే.”

“నంబరు నాదే. బోరు యాడిది? గుట్ట కింద ఎండిపోయినదా, వంక పక్కన కొత్తగా ఏసినదా? మోటారు పీక్కోని పోయి కొత్తదాంట్లో దించితిమి. నంబరు మోటారెంబడే పోతాది గదా.”

ల్యాబు వాళ్లు పరీక్షించింది ఎండకముందు పాత బోరు నీళ్లని అప్పుడు అర్థమైంది. ఆత్మకూరు దగ్గర మా చేలో మా నాయన మూడు బోర్లు వేశాడు. ఒకటే మోటారు, ఒకటే నంబరు. దాన్ని పైకి లాగేటప్పుడు నేనూ తాడు పట్టుకున్నాను. తెలియక చేసిన తప్పయితే అంత సిగ్గుపడేదాన్ని కాదు.

“పిల్లోళ్లు ఇప్పుడు ఏ నీళ్లు తాగుతాండారు?” అని అడిగాను.

“గుట్ట కింద చేతిపంపు ఉండాది. దానికి ఎవురూ రంగు పూయలేదు.”

ఆ మధ్యాహ్నమే ఆయనతో బస్సెక్కాను. రెండు చోట్లా సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబుకిచ్చాను. వంక పక్క, అంటే వాగు ఒడ్డున, కొత్త బోరు నీళ్లు మంచివి. చేతిపంపువి చెడ్డవి. ఎర్ర రంగు ఇక్కడి నుంచి అక్కడికి మారింది. నేను నా రూలు కొట్టేసి, తవ్విన ప్రతి బోరుకూ వేరే చిరునామా ఇచ్చాను. పాత బోరుకూ కొత్త బోరుకూ మధ్య ‘మోటారు ఇందులోంచి అందులోకి మారింది’ అనే లంకె పెట్టాను. అంతా కలిపి ఒక పూట పని.

ఆ తర్వాత ఎన్నో జాబితాలు కలిపాను, బాగానే కలిపాను. ‘ఇదీ అదీ ఒకటే’ అని రాసే ముందు మాత్రం బస్సెక్కి పోయి చూసొస్తాను. ఆ మూడు వారాలు పిల్లల చేత చేతిపంపు నీళ్లు తాగించింది నేనే.