దవడలో ఇంకొకరు

ఆవు వద్దన్నాను. పంది అసలే వద్దన్నాను. అలా వద్దు వద్దంటూ మనిషి దగ్గరికొచ్చేసరికి సరేనన్నాను.

కింది దవడలో కుడివైపు పన్ను ఒకటి తీయించుకుని చాలా ఏళ్లయింది. ఆ ఖాళీని నాలుకతో తడుముకుంటూ, రెండో వైపు నములుతూ రోజులు నెట్టుకొచ్చాను. ఆ వైపు కూడా సలపడం మొదలయ్యాక ఇక ఇంప్లాంట్, అంటే దవడలో మర బిగించి కట్టే పన్ను, తప్పదని, దేశంకాని దేశంలో మేముండే పాయింట్ కుక్ పేటలో మా ఇంటికి దగ్గరున్న క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరమ్మ మన గుంటూరు పిల్లే. పన్ను లేని చోట ఎముక కరిగిపోయిందట. మర బిగించాలంటే ముందు ఎముక పొడి వేసి, అది గట్టిపడేదాకా కొన్ని నెలలు ఆగాలట.

"ఆంటీ, బోవైన్ ఓకేనా? అంటే ఆవుది. మనవాళ్లు కొంతమంది వద్దంటారు, అందుకే ముందే అడుగుతున్నా," అంది.

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. పంది మాట ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాను. మనిషి దానం చేసిన ఎముక ఉంది, లేదంటే కృత్రిమంగా తయారుచేసింది కూడా ఉంది అని ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. హమ్మయ్య, మనిషిదే కదా అని తలూపేశాను. గోవును తప్పించానన్న సంబరంలో, ఎముక ఇచ్చిన మనిషి ఇప్పుడు బతికి లేడన్న సంగతి తట్టలేదు.

కుట్లు వేయించుకుని కారెక్కాక తట్టింది. మత్తు ఇంకా దిగలేదు, బుగ్గ తాకి చూస్తే ఎవరి బుగ్గో తాకినట్టుంది. మా ఆయనకు చెబితే రౌండబౌట్ దగ్గర వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా కారు కదపలేదు.

అప్పటినుంచీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపించలేదు. ఆయన తెల్లారకముందే ఆఫీసుకి బయల్దేరతారు. నాది ఇంట్లోంచే ఉద్యోగం. మా వీధిలో ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినవి, పగలు ఒక్క మనిషి కనబడడు. ఆ నిశ్శబ్దంలో గుటక వేస్తే చెవి లోపల టక్కుమని చిన్న చప్పుడు. దానికి భయపడలేదు. భయపడింది పొద్దుటి స్తోత్రం దగ్గర. చిన్నప్పటినుంచీ నిద్రలో లేపినా తడుముకోకుండా చదివేదాన్ని, ఇప్పుడు రోజూ ఒక్కచోటే ఆగిపోయేదాన్ని. మరిచిపోవడం కాదు. పక్కన కూర్చుని నాతో పాటు చదువుతున్న కొత్తవాళ్లెవరో వెనకబడితే, వాళ్లకోసం నోరు దానంతటదే ఆగినట్టుండేది. ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. నేను నోరు తెరిస్తే వాళ్లకి వెలుతురు కనిపిస్తుందేమోనని కూడా అనిపించేది. అద్దం ముందు పళ్లు తోముకోవడం మానేశాను.

తిండి తగ్గింది, చిక్కిపోయాను. అంత బాధగా ఉంటే తీయించేసుకో అన్నారు మా ఆయన. తీయించి ఎక్కడ పడేస్తారు? చెత్తడబ్బాలోనా? ఎవరో కన్నబిడ్డ ఎముక అది. ఉంచుకుంటే నాకు నిద్ర లేదు, తీయిస్తే పాపం. మింగలేక కక్కలేక అని ఊరికే అంటుంటాం, నాకది నోట్లోనే జరిగింది.

చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, సిగ్గు విడిచి డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుంది.

"వర్రీ అవకండి ఆంటీ. అది జస్ట్ సపోర్ట్ కోసమే. మీ బోన్ స్లోగా దాన్ని తినేసి, ఆ ప్లేస్‌లో తను పెరుగుతుంది. చాలావరకు అలా కరిగిపోతుంది."

ధైర్యం చెప్పానని ఆ పిల్ల అనుకుంది. నేను కేకులో గుడ్డుందేమోనని పుట్టినరోజు పార్టీల్లో అడిగి మరీ వదిలేసే మనిషిని. ఇన్నాళ్లూ ఆ మనిషి నాలో తిష్ఠ వేశాడని భయపడ్డాను. తినేది నేనట. పడుకున్నా, లేచినా, మీటింగులో ఉన్నా, కాస్త కాస్తగా.

ఆ నెలలోనే మహాలయ అమావాస్య వచ్చింది. మా ఆయన ఏటా పెరట్లో రేకు కంచె పక్కన కూర్చుని, రాజమండ్రి పురోహితుడిని ఫోన్‌లో పెట్టుకుని, వాళ్ల నాన్నగారికి తర్పణం వదులుతారు. ఈసారి ఇంకొకరికి కూడా నువ్వులూ నీళ్లూ వదలమని అడిగాను. పురోహితుడు పేరడిగారు. తెలియదన్నారు ఈయన. ఆడా మగా అన్నారు. అదీ తెలియదు. అయితే గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పి వదలమన్నారు.

తర్వాత కంచె పక్కనున్న పిట్టగోడ మీద రెండు ముద్దలు పెట్టాం. ఇక్కడి కాకులకి కళ్లు తెల్లగా ఉంటాయి, పసిపిల్లలు ఏడ్చినట్టు అరుస్తాయి. ఒకటి వచ్చి మామగారి ముద్ద తినేసింది. రెండోదాన్ని ముట్టలేదు. కంచె మీద కూర్చుని తెల్లటి కళ్లతో నా నోటి వైపే చూసింది. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి తీరని కోరికేదో ఉందంటారు మావైపు, అది తీరుస్తామని పైకి మాటివ్వాలి. ఏం కోరికో నాకెలా తెలుస్తుంది? ఏ భాషలో చెప్పాలో కూడా తెలియలేదు. చివరికి ఇంగ్లిష్‌లో, ఆఫీసు ఫోన్‌లో మాట్లాడినంత మర్యాదగా, నేను ఈ లోకం వదిలి వెళ్లేటప్పుడు మిమ్మల్నీ తీసుకెళతానని చెప్పాను. కాకి కిందికి దిగింది. ఒక్క మెతుకు మిగల్చలేదు.

మర్నాడు పొద్దున స్తోత్రం ఎక్కడా ఆగలేదు.

నెలలు గడిచాక ఎక్స్‌రే తీశారు. తెరమీద నా దవడ బూడిదరంగులో మెరుస్తోంది. ఏది నాదో, ఏది వాళ్లదో చూపించమన్నాను. డాక్టరమ్మ బొమ్మని పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది.

"గీత ఏం కనబడట్లేదు ఆంటీ. ఇప్పుడంతా మీదే."

సంతోషించాల్సిన మాట. నాకు ఏడుపొచ్చింది. ఎవరిని చూసి అన్నాళ్లు భయపడ్డానో, వాళ్లు లేరంటే ఇల్లు ఖాళీ అయినట్టనిపించింది. మర బిగించారు. తర్వాత పన్నూ వచ్చింది. ఆ వైపు మొదటి ముద్ద పప్పన్నం నెమ్మదిగా, ఎవరికో పెడుతున్నట్టుగా తిన్నాను.

ఆ ఆదివారం కారులో వెళుతుండగా మా ఆయనకి చెప్పాను.

"ఏవండీ, నేను ముందు పోతే నా అస్థికలు గోదావరిలో కలపడానికి తీసుకెళతారుగా. అక్కడ నా ఒక్కదాని పేరే చెప్పించకండి. కుండలో ఇద్దరం ఉంటాం."

ఆయన ఇండికేటర్ వేసి కారుని ఫ్రీవే ఎక్కించారు. పిచ్చిమాటలు మానమంటారనుకున్నాను.

"కాశ్యప గోత్రమేగా?" అన్నారు.

అవునన్నాను.