పుస్తకంలో లేని గటక

నిన్న పొద్దున ఖానాపూర్ నుంచి తమ్ముడి ఫోన్.
"అత్త లేస్తలేదక్కా. తలుపు పలగ్గొట్టినం."

"లేవకపోవుడేందిరా, మొన్ననే మాట్లాడిన గద!" అని వాడి మీద అరిచాను. వాడేం చేస్తాడు పాపం.

మా రుక్కత్త పోయింది. మా బాపు చెల్లె. తొంభైకి దగ్గర. "వయసైపోయింది కదా" అని ఓదార్చేవాళ్ళకు ఓ దండం, నన్ను జర వదిలేయండి.

ఒక్కతే ఉండి పోయింది. అదే నాకు మింగుడు పడటం లేదు.

మా పిల్లలకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు, నేను ఇంకా చిన్నపిల్లను. అత్త మొగుడు మగ్గం పనికని భీవండి పోయి మళ్ళీ రాలేదు. అత్త మా ఇంటి పక్క అర్రలో ఉండేది. వాడకట్టు ఆడవాళ్ళంతా మా వాకిట్లో చేరి బీడీలు చేసేవారు. వాళ్ళలో చదువు వచ్చింది అత్త ఒక్కతెకే. బాపు నేర్పాడు.

అందుకని అత్తే అందరికీ నవల చదివి వినిపించాలి. చదివితే చేతులు ఆగుతాయి, బీడీలు కావు. అందుకే లేచేముందు అందరూ తలా పిడికెడు బీడీలు ఆమె చాటలో వేసేవారు. మా వాకిలి కట్టుబాటు అది.

అట్ట ఊడిపోయిన నవల. కోస్తా వైపు కథ. ఒకే గల్లీలో ఓ ముసలామె, ఓ పెళ్ళికాని పంతులు, గడియారాలు బాగుచేసే ఓ పెద్దమనిషి. ముగ్గురూ ఒంటరివాళ్ళే. కానీ ఒకరి తలుపు ఒకరు తట్టరు. ఇప్పుడైతే దాన్ని క్లాసిక్ అంటారు.

మా వాళ్ళకు అస్సలు నచ్చలేదు!

"గోడకు గోడ తాకంగ ఉండి పలుకరిచ్చుకోరా? గిదేం ఊరే, మన్నువడ!" అని మా అవ్వ తిట్టేది.

కథలో ముసలామెకు జ్వరం వచ్చిన రోజు రాజవ్వ కత్తెర కింద పెట్టేసింది. రాజవ్వ మా ఎదురింటామె, చిన్న వయసులోనే మొగుడు పోయాడు. ఒకటే ఏడుపు.

"ఆమె కాడికి ఎవలన్న పోతే నీ సొమ్మేం పోతదే రుక్కా? జర పక్కోళ్ళను తోలియ్యరాదె!"

అత్త పేజీ తిప్పింది. "అప్పుడు గడియారాలాయన గిన్నెలో గటక పట్టుకొని వచ్చి తలుపు తట్టాడు" అని చదివింది.

"గట్ల రావాలె!" అన్నారు అందరూ. ఆ రోజు అత్త చాట నిండిపోయింది.

కోస్తా వాళ్ళు మన జొన్న గటక తాగుతారా అని ఒక్కరికీ అనుమానం రాలేదు.

హైస్కూల్‌కు వచ్చాక ఆ నవల నేనే చదివాను. గటక లేదు. ఎవరూ తలుపు తట్టరు. క్లైమాక్స్‌లో ముసలామె ఒక్కతే చచ్చిపోతుంది. షాకై అత్తను అడిగాను.

"నాకెరుకే బిడ్డా. సదువబుద్ధి కాలే. రాజవ్వకు చెప్పకు, ఒంటి బతుకామెది" అన్నది.

తనది కానట్టు!

నిన్న నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. రాజవ్వను ఇద్దరు పట్టుకొని తీసుకొచ్చారు. ఇప్పుడు ఆమెకు చూపు లేదు. అత్త ముఖం చేత్తో తడిమి నన్ను అడిగింది.

"పోయేటప్పుడు పక్కన ఎవలన్న ఉన్నరా బిడ్డా?"



"నేనే ఉన్న రాజవ్వా. గటక తాగిపిచ్చిన. నా ఒళ్ళెనే పానం ఇడిసింది" అన్నాను.

"అవునే రాజవ్వా" అన్నాడు పక్కనున్న తమ్ముడు.

"గట్ల ఉండాలె" అన్నది రాజవ్వ. కళ్ళు తుడుచుకుంది.

రాజవ్వకు ఫోన్ లేదు, చదువు రాదు. ఈ పోస్ట్ చూసినవాళ్ళు ప్లీజ్, ఆమెతో చెప్పకండి.

పోయిరా అత్తా. నువ్వు పోయిన చోట ఎవలన్న వచ్చి నీ తలుపు తట్టాలె. నీ పానం నిమ్మళంగ ఉండాలె.