నోరు కదిపితే చాలు

రమ్యశ్రీ భీమడోలు పిల్ల. స్టేషన్ రోడ్డులో వాళ్ళ నాన్న వీరవెంకటరమణ గారికి కిరాణా కొట్టు ఉండేది. బడి నుంచి రాగానే ఆమెను కొట్లో బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి, "ఏదమ్మా, నిన్న నేర్చుకున్నది అందుకో. బాబాయి గారు వింటారు" అనేవాడాయన. పప్పు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు పాట అయ్యేదాకా ఆగేవారు. నలుగురిలో మాట్లాడమంటే తడబడే ఆ పిల్ల, పాట దగ్గర మాత్రం తలెత్తుకుని నిలబడేది. పెద్దయ్యాక ఆదివారాలు పాసింజర్ ఎక్కి ఏలూరు వెళ్ళి సంగీతం నేర్చుకుంది. పెళ్ళయినా ఊరు మారలేదు. భర్త సాయిగణేష్ తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పని చేస్తూ రోజూ రైల్లో వెళ్ళొస్తుంటాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆమె సిస్టర్ల బడిలో టీచరుగా చేరింది.

బడికి ఒక పేరుంది గానీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సిస్టర్ల బడి అనే అంటారు. భీమడోలు దాటి కొల్లేరు వైపు దిగే రోడ్డు మీద, చేపల చెరువుల నడుమ ఉంటుంది. ఐదో తరగతి వరకే. వరి రైతుల పిల్లలూ, కొట్లవాళ్ళ పిల్లలూ, చెరువుల మీద పని చేసేవాళ్ళ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. శుక్రవారం ప్రతి బిడ్డా ఇంటి నుంచి పిడికెడు బియ్యం తెచ్చి వరండాలో ఉన్న డ్రమ్ములో పోయాలి. నెలకోసారి ఆ బియ్యం తీసుకుని పిల్లలే ఏదో ఒక ఊరు వెళ్ళి, దిక్కులేని ముసలివాళ్ళకి ఇచ్చి, ఒక పాట పాడి వస్తారు. మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పుతారు. రమ్యశ్రీ పూజలూ వ్రతాలూ ఉన్న ఇంటి నుంచి వచ్చింది. మొదట్లో ఉదయపు ప్రార్థనలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఏడాది తిరిగేసరికి ఆ ప్రార్థనకి హార్మోనియం వాయించేది ఆవిడే అయింది.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ లూర్దు మేరీ గారికి ఒక పట్టుదల ఉండేది. డాన్సయినా నాటకమైనా పాటైనా, తరగతి మొత్తం స్టేజీ ఎక్కాల్సిందే. "బాగా చేసేవాళ్ళని ఏరుకోవడం ఏ బడైనా చేస్తుంది రమ్యా. మన బడిలో కింద నిలబడి చూసే బిడ్డ ఉండకూడదు" అనేవారు. ఆ మాట రమ్యశ్రీకి ఎంతో నచ్చేది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది కూడా.

ఆ ఏడు మేత్రాసనంలోని, అంటే ఏలూరు బిషప్ గారి కిందున్న, చిన్న బడులన్నిటికీ ఏలూరులో బృందగాన పోటీ పెట్టారు. మూడో తరగతిని తీసుకెళ్ళమన్నారు సిస్టర్. రమ్యశ్రీ తనే ఒక పాట కట్టింది. కొల్లేటికి ఎక్కడినుంచో వచ్చి గూళ్ళు కట్టుకునే గూడబాతుల మీద పాట. పిల్లలకి రెండు వరసల్లో నేర్పింది. సగంమంది కింద శ్రుతిలో, సగంమంది పైన. బాగా కుదిరింది, ఒక్క పింకీ తప్ప.

పింకీ హన్నమ్మ కూతురు. హన్నమ్మ చెరువుల దగ్గర చేపలు ఏరి పెట్టెల్లో ఐసు వేసి సర్దే పనికి వెళ్ళేది. భర్త లేడు. వాళ్ళిల్లు చెరువు గట్టు మీద. ఇటు గట్టు నుంచి అటు గట్టు మీదున్న తల్లిని కేకేసి పిలిచి పిలిచి పింకీ గొంతు అలా తయారైంది. గట్టిగా, బొంగురుగా ఉండేది. శ్రుతి ఒకటైతే ఆ పిల్ల ఇంకొకటి పట్టుకునేది. పైగా అందరికంటే ఇష్టంగా పాడేది ఆ పిల్లే. కళ్ళు మూసుకుని, మెడ నరాలు పొంగేలా పాడేది.

రమ్యశ్రీ ఆమెను వెనక వరసకి మార్చింది. లాభం లేదు. కింద శ్రుతిలో కలిపింది. అదీ కుదరలేదు. పోటీ దగ్గర పడింది. పింకీని తీసేద్దామంటే సిస్టర్ ఒప్పుకోరు. తీసేయాలని తనకీ లేదు, తరగతి మొత్తం పాడిందని అనిపించుకోవాలి. చివరికి ఒక సాయంత్రం బడి వదిలాక పింకీని ఆగమని, దగ్గర కూర్చోబెట్టుకుని తల నిమిరింది.

"పింకీ, నువ్వు బంగారు తల్లివి కదూ. ఒక చిన్న పని చేస్తావా? ఏలూరులో పాడేటప్పుడు నోరు కదుపు. గొంతు మాత్రం బయటికి రానివ్వకు. నోరు కదిపితే చాలు."

పింకీకి అర్థం కాలేదు. "పాడొద్దాండీ?"

"పాడినట్టే ఉండాలి. అందరితోపాటూ స్టేజీ మీదే ఉంటావు."

"మా అమ్మ వస్తానందండి. నేను పాడకపోతే మా అమ్మకి వినపడదు కదండీ?"

"అందరిదీ కలిపి వినపడుతుందిలే. అమ్మకి ఏం చెప్పకు. మనిద్దరికే తెలియాలి, సరేనా?"

"ఆయ్" అంది పింకీ. బుజ్జగించి చెప్పాను, ఏడవలేదు, బాగానే తీసుకుంది అనుకుంటూ రమ్యశ్రీ నిశ్చింతగా ఇంటికెళ్ళింది.

ఏలూరులో పాట నీళ్ళలా సాగింది. జడ్జీలు తల ఊపారు. మొదటి బహుమతి వచ్చింది. సిస్టర్ గారు స్టేజీ మీదే రమ్యశ్రీ భుజాలకి శాలువా కప్పి, "ఈమె ఒక్క బిడ్డని కూడా వదిలిపెట్టకుండా నేర్పింది" అని మైకులో చెప్పారు. చప్పట్లు మోగాయి. రమ్యశ్రీ పిల్లల వైపు చూసింది. పింకీ కూడా చప్పట్లు కొడుతోంది.

హాలు బయట హన్నమ్మ ఎదురొచ్చింది. పని మానుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఆటో పట్టుకుని వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"టీచర్ గారూ, మీ మేలు మర్చిపోనండి. అంతమంది పాడుతున్నా మా పాప గొంతు వేరేగా తెలిసిపోయిందండి. కళ్ళు మూసుకుని విన్నాను. నా బిడ్డ గొంతు నాకు తెలీదాండీ!"

పింకీ తల్లి చెయ్యి పట్టుకుని ఉంది. తల్లి మాటకి తలెత్తి టీచరు ముఖంలోకి చూసింది. ఫిర్యాదు లేదు, కోపం లేదు. చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు, చూశారా అన్నట్టుంది ఆ చూపు. రమ్యశ్రీ నవ్వబోయింది, రాలేదు. "బాగా... బాగా పాడిందండి" అంది. శాలువా తీసి సంచిలో కుక్కుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలు మళ్ళీ ఆ పాటే ఎత్తుకున్నారు. ఎవరో వినే పోటీ కాదు, కేకలూ నవ్వులూ. వెనక్కి తిరిగి చూస్తే పింకీ కిటికీ పక్కన కూర్చుని నోరు కదుపుతోంది. గొంతు లేదు.

మర్నాడు ప్రార్థనలోనూ అంతే. జాతీయగీతంలోనూ అంతే. పెదవులు ఒక్క మాట తప్పకుండా కదిలేవి. హార్మోనియం ముందు కూర్చున్న రమ్యశ్రీకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు, ఆమెకి మాత్రం ఇంకేమీ కనిపించేది కాదు. ఒకరోజు పిలిచి, "పోటీ అయిపోయిందిగా పింకీ, ఇప్పుడు పాడొచ్చు. గట్టిగా పాడు" అంది.

"వద్దండి. పాడైపోద్ది" అంది పింకీ.

"ఏం పాడైపోతుందమ్మా?"

"పాట అండి."

ఆ నెల బియ్యం తీసుకెళ్ళే వంతు హన్నమ్మ వాళ్ళ ఊరికి వచ్చింది. మూడో తరగతి పిల్లలూ, సిస్టర్ గారూ, రమ్యశ్రీ గట్టు మీద నడిచి వెళ్ళారు. ముసలివాళ్ళకి బియ్యం ఇచ్చాక, హన్నమ్మ అందరినీ తన ఇంటి ముందు చాపల మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు కూడా చేరారు.

"మా పింకీ ఏలూరులో పాడి ప్రైజు తెచ్చిందండి" అని హన్నమ్మ అందరికీ చెప్పింది. "పింకీ, ఆ గూడబాతుల పాట పాడవే. వీళ్ళెవరూ వినలేదు. నువ్వొక్కదానివే పాడు."

పింకీ లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. పాట మొదలుపెట్టింది, అంటే పెదవులు కదిపింది. జనం ఇంకాస్త ముందుకి వంగారు. ఒక ముసలామె పక్కామెతో, "నాకే వినపడటం లేదా, నీకూ అంతేనా?" అంది. ఎవరో నవ్వారు. "గట్టిగా పాడవే" అంది హన్నమ్మ. పింకీ ఆపలేదు. పెదవులు కదుపుతూనే రమ్యశ్రీ వైపు చూసింది. పాడమంటారా వద్దంటారా అని అడుగుతున్నట్టు చూసింది.

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నేనే వద్దన్నాను అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పక్కనే సిస్టర్ గారు ఉన్నారు. ఎదురుగా హన్నమ్మ ఉంది. రమ్యశ్రీ గొంతెత్తి తనే పాట అందుకుంది. పిల్లలందరూ కలిశారు. కొల్లేటి గాలికి పాట చక్కగా సాగింది, జనం తాళం వేశారు. చివర్న అందరూ చప్పట్లు కొట్టారు.

"మా పాపకి సిగ్గండి. టీచర్ గారు ఆదుకున్నారు" అని హన్నమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆ దణ్ణం రమ్యశ్రీకి చెంపమీద కొట్టినట్టయింది. మొదటిసారి చేసింది తెలియక చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఇప్పుడు చేసింది అలా కాదు. ఆ పిల్ల మౌనాన్ని తన మంచి గొంతుతో కప్పేసింది. పరువు దక్కింది తనకి, పిరికిదన్న పేరు పింకీకి.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, కంచం పక్కకి నెట్టేసింది. సాయిగణేష్ ఏమైందని అడిగితే మొత్తం చెప్పింది. అతను విని, "చిన్నపిల్ల, మర్చిపోతుందిలే" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. ఆమెకి అది మరీ బరువైంది.

శనివారం ఒక్కతే చెరువు గట్టుకి వెళ్ళింది. హన్నమ్మ మోచేతుల దాకా ఐసు నీళ్ళలో చేపలు సర్దుతోంది. టీచర్ని చూసి కంగారుగా చేతులు కడుక్కుని వచ్చింది. "పాప ఏమైనా అల్లరి చేసిందాండీ?"

"లేదండీ. అల్లరి చేసింది నేను" అని మొదలుపెట్టి, రమ్యశ్రీ ఉన్నదంతా చెప్పింది. నోరు కదిపితే చాలన్నదీ, అమ్మకి చెప్పొద్దన్నదీ, మొన్న ఇంటి ముందు తను పాట ఎందుకు అందుకుందో కూడా.

హన్నమ్మ తిట్టలేదు. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"మరి ఆ రోజు నేను విన్నది ఎవరి గొంతండీ?"

రమ్యశ్రీ చేపల పెట్టెల వైపు చూపు తిప్పుకుంది.

"నాకు తెలిసిందని పాపకి చెప్పకండి టీచర్ గారూ. నేను విన్నాననే అనుకోనివ్వండి" అని హన్నమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయింది. దణ్ణం పెట్టలేదు.

సోమవారం సిస్టర్ గారికి జరిగిందంతా చెప్పి, ఇంక తను పాటలు నేర్పనంది రమ్యశ్రీ. స్టేజీ మీద మైకులో తను అన్న మాట గుర్తొచ్చిందేమో, సిస్టర్ ముఖం కూడా ఎర్రబడింది. "మానేస్తే నీకు తేలిక. ఆ బిడ్డకి ఏం ఒరుగుతుంది? నేర్పు. ఈసారి అందరి గొంతూ వినపడాలి" అన్నారు.

నేర్పింది. తర్వాతి ఏడు పోటీకి వెళ్ళిన కొత్త మూడో తరగతిలో ఎవరి గొంతు వాళ్ళదే. ఒకడు ముందు, ఒకడు వెనక. జడ్జీ ఒకాయన కాగితం మీద ఏదో రాసుకుంటూ మొహం చిట్లించాడు. బహుమతి రాలేదు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు, పోయినసారి బాగుందండి, ఈసారి ఏమైంది అని అడిగారు. పింకీ ఆ బృందంలో లేదు, నాలుగో తరగతికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల కోసం రమ్యశ్రీ చేయగలిగిందల్లా చేసింది. సాయంత్రాలు కూర్చోబెట్టుకుని కథలు చదివించింది, పద్యాలు చెప్పించింది. పింకీ చదివేది, చెప్పేది. రాగం తీయమంటే మాత్రం నోరు కదిలేది, అంతే. బలవంతం చేయడానికి రమ్యశ్రీకి మనసొప్పలేదు.

ఐదో తరగతికి వచ్చాక పింకీ ఆటల్లో పడింది. కాళ్ళు పొడుగు, భయం లేదు. కబడ్డీలో కూతకి వెళ్తే ఇద్దర్నైనా తాకి గాని వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం రమ్యశ్రీ స్టాఫ్ రూములో నోట్సులు దిద్దుతుంటే గ్రౌండ్ నుంచి ఆ గొంతు వినపడింది. గట్టిగా, బొంగురుగా, ఆగకుండా, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని. అది ఎవరి గొంతో ఆమె ఎవర్నీ అడగక్కర్లేదు. పెన్ను అక్కడే పడేసి వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. ఎంతకాలానికి విన్నది! పింకీ అవతలి కోర్టులో ఉంది, ఒంగుని, చేతులు చాచి, చుట్టూ మూగిన పిల్లల్ని తప్పించుకుంటూ. పిల్లలు అరుస్తున్నారు.

అంతలో పింకీ తలెత్తి వరండా వైపు చూసింది. టీచరు కనపడింది.

కూత ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. అవతలి పిల్లలు ఒక్కసారిగా మీదపడి పట్టేసుకున్నారు. "అవుట్! కూత ఆపేసింది! అవుట్!" అని కేకలు.

పింకీ మట్టి దులుపుకుంటూ లేచి, తల వంచుకుని గీత బయటికి వెళ్ళి కూర్చుంది. రమ్యశ్రీ స్తంభం వెనక్కి తప్పుకుని, మెల్లగా లోపలికి వచ్చేసింది. ఆ ఏడు మిగిలిన రోజులన్నీ, ఆటల పీరియడ్ గంట కొడితే ఆమె వరండా వైపు వెళ్ళలేదు. నీళ్ళకి వెళ్ళాలన్నా బడి వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది.