ఇయోకేపా చెక్కిన నోరు

మా దీవి కోనా తీరంలో పడవ ఇంజిన్లు బాగుచేసే ఇయోకేపాకి విగ్రహాలు చెక్కే పని తాత నుంచి వచ్చింది. సముద్రం ఒడ్డున నల్లరాళ్ల గుడిని మళ్లీ నిలబెట్టినప్పుడు కూ దేవుడి విగ్రహాన్ని అతనికే అప్పగించారు. కొండమీద ఓహియా చెట్టుకు మొక్కి, అనుమతి అడిగి, మాను దింపుకొచ్చాడు. చెక్కినన్నాళ్లూ ఇంట్లో ఎవరిమీదా గొంతు పెంచలేదు. కోపంతో వేసిన బాడిస దెబ్బ దేవుడి ఒంట్లో ఉండిపోతుందని అతని నమ్మకం.

ప్రతిష్ఠ రోజు శంఖాలు ఊదారు. అందరూ తలలు వంచారు. ఇయోకేపా మాత్రం తలెత్తి చూశాడు. ఎండ పడిన దేవుడి మొహంలో నోరు ఎడమవైపు కాస్త కిందికి జారి ఉంది. చెక్కిన షెడ్డు నీడలో అది కనబడనే లేదు.

ఆ సాయంత్రమే ముసలి పూజారి కనియేలా దగ్గరికి పరిగెత్తాడు.

"అంకుల్, ఒక్క ఐదు నిమిషాలు. పెదవి సర్ది వచ్చేస్తా."

"నిన్నటిదాకా అది మాను, నీ ఇష్టం. ఇవాళ దేవుడు. మీ తాత మొహం నచ్చకపోతే ఉలి పట్టుకెళ్తావా?"

"మా తాత నోరు వంకర లేదుగా!"

"నీది ఉంది. ఇంటికి పో."

ఇక అతనికి కుదురు లేదు. విప్పిన ఇంజిన్ నట్లు ఎక్కడ పెట్టాడో మరిచేవాడు. పళ్లెంలో చామముద్ద మీద వేలితో నోరు గీసేవాడు. పని మధ్యలో లేచిపోయి గుడి గోడ బయట నిలబడేవాడు. మబ్బు పడితే నోరు సరిగ్గా ఉన్నట్టుండేది, ఎండ రాగానే మళ్లీ జారేది.

"నాకన్నా ఆయన్నే ఎక్కువ చూస్తున్నావు. దుప్పటి ఇవ్వనా, అక్కడే పడుకుందువు?" అంది భార్య కపేకా.

"నీ నోటికి వంకేముంది, చూడ్డానికి?"

"ఇన్నేళ్లకి తెలిసిందన్నమాట!"

కొన్నేళ్లు అలాగే గడిచాయి. ఒక చలికాలం పెద్ద అలలొచ్చి విగ్రహాన్ని పడగొట్టాయి. వార్త వినగానే ఇయోకేపా గుండె తేలికైంది. వెంటనే ఆ తేలికకే భయపడ్డాడు. బాడిస తీసుకుని గుడికి వెళ్లాడు.

"ఇప్పుడో, అంకుల్?"

"దేవుడు వెళ్లిపోయాడు. ఈ మానును అడవిలో వదిలేస్తాం. చెక్కుకుంటే చెక్కుకో."

మోకాళ్ల మీద కూర్చుని నోటి మీద చెయ్యి వేశాడు. ఉప్పుగాలి అంచులన్నీ తినేసింది. ఏది తన తప్పో, ఏది గాలి పనో వేళ్లకు తెలియలేదు. ఎక్కడ కొట్టాలో తోచక లేచాడు. మానును భుజాన మోసేవాళ్లలో తనూ కలిసి, ఫెర్న్ మొక్కల మధ్య దింపి వచ్చాడు.

కొత్త విగ్రహం కూడా అతన్నే చెక్కమన్నారు.

"చెక్కుతాను గానీ ప్రతిష్ఠకి రాను."

"రాకపోతే ఎలారా? చెక్కినవాడివి!" అని కసిరాడు కనియేలా.

వచ్చాడు. కపేకా వెనక నక్కి, ఆమె చెయ్యి పట్టుకుని, కళ్లు నేల మీంచి ఎత్తకుండా నిలబడ్డాడు.

"ఏమయ్యా, నా వేళ్లు విరిచేస్తావా?" అని గుసగుసలాడింది ఆమె.

అతను వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.