బహదూర్‌పురాలో బాస్ పంచాయితీ

మాది విశాఖపట్నం. అక్కడి ఓ పంక్ రాక్ బ్యాండులో నేను బాస్ గిటారు వాయిస్తాను, రమేష్ డ్రమ్స్ కొడతాడు. ఆమధ్య హైదరాబాదులో ప్రోగ్రామ్ ఉండి, యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఆటో ఎక్కాం. బహదూర్‌పురా చేరేసరికి డోలు మోతతో పెళ్ళి ఊరేగింపు అడ్డమొచ్చింది. అరగంటలో మేం స్టేజీ మీద ఉండాలి. కుదురుగా కూర్చోలేక కాలు ఊపుతూ, రైల్లో మొదలైన గొడవే మళ్ళీ ఎత్తుకున్నాను: పంక్‌లో గొప్ప బాస్ ప్లేయర్ అంటే ఎవరు?

"వేగంగా వాయించేవాడేరా," అన్నాడు రమేష్.

"వేగం ఎవడిక్కావాలి? ప్రతి నోటూ విడివిడిగా వినపడాలి."

ఆటో నడిపే ఖాదర్ భాయ్ వెనక్కి తిరిగాడు. ఆయనా పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా డప్పుల మేళంలో వాయిస్తాడట.

"ఏంది భాయ్ మీ లొల్లి? మా మర్ఫాల లావు సప్పుడు పెద్ద డోలుది. గది కొట్టెటోని చేతులు మేం చూడం. ఎగిరెటోళ్ల కాళ్లు చూస్తం. కాళ్లు ఆగినయంటే ఆయన ఉస్తాద్ కాదు."

"మాది వేరే సంగీతమండీ," అన్నాను విసుగ్గా. "ముందు పక్క సందులోంచి పోనివ్వండి."

ఆయన సందు వైపు చూడలేదు, నా మోకాలి వైపు చూశాడు. ఇందాకటిదాకా ఆదుర్దాతో ఇష్టమొచ్చినట్టు ఊగిన నా కాలు, ఎప్పుడు మొదలెట్టిందో గానీ, ఊరేగింపులోని పెద్ద డోలుతో దెబ్బకు దెబ్బ కలుపుతోంది.

ఆపుదామని మోకాలి మీద చెయ్యి వేశాను. వేళ్ళు కూడా అందుకున్నాయి.